రెండు మాడ్యూళ్ల సందులో ఒక మనిషి

మా కర్నూలు ఆఫీసులో ప్రతి దసరాకూ సర్వర్ గది ముందు గుమ్మడికాయ కొట్టేవాళ్లు. యంత్రాలకు కుంకుమ బొట్లు పెట్టేవాళ్లు. గాలి లోపలికి పోవాల్సిన జాలీ మీద కూడా. నేను ప్రతి ఏడూ అభ్యంతరం చెప్పేవాణ్ణి. మా మేనేజరు ప్రభాకర్ కడపవాడు, నా ఈడువాడే, ఎవరితోనూ మాట తప్పుగా మాట్లాడని మనిషి. "నువ్వు నమ్మకపోతే మానెయ్యప్పా, సర్వరు నమ్ముతాంది" అని కొబ్బరిముక్క నా చేతిలో పెట్టి వెళ్లేవాడు.

కుంకుమ గుడ్డతో తుడిస్తే పోతుంది. తుడిచినా పోని మూఢనమ్మకం ఒకటి మా వృత్తిలో ఉంది. 'నా భాగం సరిగ్గా పనిచేస్తే నా బాధ్యత తీరినట్టే' అన్నదే అది. గుమ్మడికాయ కొట్టేవాళ్లూ దీన్ని నమ్ముతారు, కొట్టనివాళ్లూ నమ్ముతారు. పెద్ద చదువులు చదివినవాళ్లు ఇంకా గట్టిగా నమ్ముతారు. ఈ నమ్మకం ఒక మనిషిని చంపడం నేను దగ్గర నుంచి చూశాను. సాఫ్ట్‌వేర్ పనిలోకి వస్తున్నవాళ్ల కోసం నా ఉద్యోగం గురించి రాయమని అడిగినప్పుడు ముందుగా ఇదే గుర్తొచ్చింది. జీతాలూ పదోన్నతులూ ఎలాగూ మీరే కనుక్కుంటారు.

మనుషుల పేర్లూ ఊళ్ల ఆనవాళ్లూ మార్చాను. ఎందుకు మార్చాల్సి వచ్చిందో చదివితే తెలుస్తుంది.

బండలు, సందులు

నేను పుట్టిన ఇల్లు బండల మిద్దె. దూలాల మీద పక్కపక్కన బండలు పరిచి, మధ్య సందుల్లో సున్నం కూరి కట్టిన కప్పు. ఒక బండ పగిలితే మేస్త్రీ వచ్చి ఆ ఒక్కదాన్నే తీసి ఇంకొకటి వేసేవాడు. పక్క బండలు కదిలేవి కావు, కింద సంసారం ఆగేది కాదు. మాడ్యూల్ అంటే నాకు తెలిసిన వివరణ ఇదే. పెద్ద సాఫ్ట్‌వేర్‌ను విడివిడి భాగాలుగా కట్టాలి. ఒక భాగం లోపల ఏముందో పక్క భాగానికి తెలియనక్కర్లేదు. ఏం అడగాలో, ఏం జవాబు వస్తుందో తెలిస్తే చాలు.

ఓపెన్ సోర్స్ పనికి ఇది మరీ అవసరం. అక్కడ కోడ్ అంతా బహిరంగం. ఎక్కడెక్కడి వాళ్లో రాస్తారు, ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు. ఎవరి బండ వాళ్లు చెక్కి పంపకపోతే అంత పెద్ద కప్పు లేవదు. మేము పనిచేసింది ఆసుపత్రులు వాడుకునే, ఒకచోట రాసింది ఇంకోచోట కూడా కనపడే అలాంటి ఒక పెద్ద ఉచిత సాఫ్ట్‌వేర్ మీద. మా కర్నూలు జట్టు చేతిలో ఉన్నది గుర్తింపు మాడ్యూల్. వచ్చిన రోగి ఎవరు, ఆ రోగి పాత వివరాలు ఏవి అని తేల్చేది అదే. డాక్టర్లూ నర్సులూ చూసే తెరను వేరే దేశంలో వేరే జట్టు రాసింది. ఈ రెంటికీ మధ్య ఒక ఒప్పందం ఉంది. తెర ఒక రోగి గురించి అడిగితే, ఆ రోగికి పడని మందుల జాబితా మేము ఇవ్వాలి.

వాన నీళ్లు బండలోంచి కారవు, సందులోంచి కారతాయి. ఆ సందు ఎడమ బండదా, కుడి బండదా? నా ఉద్యోగమంతా ఈ ప్రశ్న అడుగుతూనే గడిచింది. ఎక్కడా ఎవరూ అది తమదని ఒప్పుకోలేదు.

ఒక మనిషి, రెండు పేర్లు

బయటివాళ్లకు అర్థం కానిది, మా జిల్లాల్లో ఎవరూ వివరించనక్కర్లేనిది ఒకటుంది. ఇక్కడి క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి రెండు పేర్లు. చర్చిలో, ఇంట్లో, వాడలో ఒకటి. బడిలో, కార్డుల్లో, కులం సర్టిఫికెట్టులో ఇంకొకటి. క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదని చట్టం అంటుంది. బాప్తిస్మం తీసుకోగానే అతని కులం పోయిందని చట్టం నమ్ముతుంది. ఊరు నమ్మదు. ఊళ్లో అతనికి ఇల్లు దొరికే వీధి మారలేదు, కూలికి పిలిచే గొంతు మారలేదు, పెళ్లి బంతిలో కూర్చునే చోటు మారలేదు. అవమానం ఉంచి, దానికి ఇచ్చిన పరిహారం మాత్రం లాక్కునే ఈ ఏర్పాటును న్యాయమని పిలవడానికి నాకు నోరు రాదు. వాళ్ల దేవుణ్ణి నేను నమ్మను, గుమ్మడికాయను నమ్మనట్టే. కానీ ఒక మనిషి బతకడానికి రెండు పేర్లు మోయాల్సి వస్తే తప్పు ఆ మనిషిది కాదు.

గుర్తింపు మాడ్యూల్ రాసింది ప్రధానంగా వహీదా. కర్నూలు పాతబస్తీ అమ్మాయి. నాతో పనిచేసినవాళ్లలో ఆమె అంత శుభ్రంగా ఆలోచించేవాళ్లు తక్కువ. ఒకే మనిషికి రెండు పేర్లతో రెండు రికార్డులు ఉంటే, ఆ మనిషి తన నోటితో ఒప్పుకుంటే తప్ప వాటిని కలపకూడదని ఆమె నియమం పెట్టింది. దాని మీద ఆఫీసులో వాదన జరిగింది.

"ఒకే మనిషికి రెండు రికార్డులు ఏందమ్మా? కలిపెయ్" అన్నాడు ప్రభాకర్.

"కలిపితే కనపడేది ఎవరికి సార్? ఓపీ కిటికీ కాడ కూర్చున్నాయనకు. ఆయనదీ అదే ఊరు. సాయంత్రానికి టీ అంగట్లో చెప్పేస్తాడు. పొద్దున్నకి ఎవుడో ఒకడు కలెక్టరాఫీసుకు అర్జీ పెడతాడు, ఈమె సర్టిఫికెట్టు దొంగదని."

"వాళ్ల గొడవ నీకెందుకమ్మా? నువ్వు సాయిబుల పిల్లవి."

"అందుకే సార్. పేరు చూసి మనిషిని కొలిస్తే ఎట్లుంటాదో నాకు ఎవరూ చెప్పే పన్లేదు."

ప్రభాకర్ నవ్వి ఊరుకున్నాడు. నియమం నిలిచింది. అది సరైన నియమమని ఇవాళ కూడా అంటాను. ఆ తర్వాత జరిగిందంతా చూశాక కూడా.

పచ్చ గుర్తు

ఆమె చర్చి పేరు రూతమ్మ. కార్డులో పేరు నాగలక్ష్మి. ఆత్మకూరు వైపు ఒక పల్లెలో కూలి పని. షుగరు కోసం ఒక మిషన్ ఆసుపత్రికి వెళ్లేది. అక్కడ ఒకసారి పెన్సిలిన్ సూది వేస్తే ఊపిరాడక చావు దాకా పోయి బతికింది. అక్కడివాళ్లు రూతమ్మ రికార్డులో ఎర్ర అక్షరాలతో ఆ మాట నమోదు చేశారు. నీ ఇంకో పేరుతో కలపాలా అని కూడా నియమం ప్రకారం అడిగారు. వద్దంది. ఆమె కూతురు అప్పటికి నర్సింగ్ కాలేజీలో చేరబోతోంది, ఎస్సీ సీటులో.

తర్వాత మొక్కజొన్న కోస్తూ కొడవలి కాలికి తగిలింది. పుండు ముదిరి, జ్వరం వచ్చి, మాట తేడా పడ్డాక మొగుడు యోబు ఆమెను వేరే ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. అక్కడ వైద్యం ప్రభుత్వ పథకం కింద జరుగుతుంది, పథకానికి కార్డు కావాలి, కార్డులో ఉన్నది నాగలక్ష్మి. అక్కడా మా సాఫ్ట్‌వేరే. యోబును ఏదో సంతకానికి కిందికి పంపారు. నర్సు తెర చూసింది. పెన్సిలిన్ పేరు పక్కన పచ్చ గుర్తు, కింద 'అలర్జీ లేదు' అన్న మాట. మామూలుగా అయితే ముందు చర్మం కింద కొంచెం మందు ఎక్కించి, పడుతుందో లేదో చూసి, ఆ తర్వాతే సూది వేస్తారు. వార్డు నిండా జనం. తెర అంత కచ్చితంగా చెబుతుంటే పరీక్ష ఎందుకని నేరుగా సూది వేసేశారు. యోబు మెట్లెక్కి వచ్చేసరికి ఆమె లేదు.

సాఫ్ట్‌వేర్ తప్పేమైనా ఉందేమో చూడమని ఆసుపత్రి నుంచి కబురు వస్తే వహీదా, నేను వెళ్లాం. యోబు వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మేము కంప్యూటర్ వాళ్లమని ఎవరో చెప్పారు కాబోలు, లేచి నిలబడ్డాడు.

"ఆయమ్మకు ఆ సూది పడదని మిషన్ ఆసుపత్రిలో ఎర్రగా రాసుకున్న్యారు సార్. నేను సూసినా. ఆడ కొడితే ఈడ కనపడతాదని, కంప్యూటర్ అంతా ఒకటేనని చెప్పినారు గదా?"

"ఆడ ఏ పేరుతో రాసినారు?" అని వహీదా అడిగింది.

యోబు చుట్టూ చూశాడు. తర్వాత చాలా చిన్నగా, "రూతమ్మ" అన్నాడు.

వహీదా లోపలికి నడిచింది, వెనకే నేను. లోపల యంత్రం ముందు కూర్చుని జరిగినదంతా వరసగా చూశాం. తెర అడిగింది, నాగలక్ష్మికి పడని మందులేవి అని. మా మాడ్యూల్ ఖాళీ జాబితా ఇచ్చింది. నాగలక్ష్మి పేరు మీద ఎవరూ ఏమీ రాసి ఉండలేదు, అది నిజమే. తెర ఖాళీ జాబితా చూసి పచ్చ గుర్తు పెట్టింది. పడని మందు ఒక్కటీ లేకపోతే పచ్చ గుర్తు పెట్టాలని దాని నియమం, అదీ నిజమే. మా పరీక్షలన్నీ నెగ్గాయి. వాళ్ల పరీక్షలన్నీ నెగ్గాయి. మా ఖాళీకి అర్థం 'మాకెవరూ ఏమీ చెప్పలేదు' అని. వాళ్ల ఖాళీకి అర్థం 'ప్రమాదం లేదు' అని. ఈ రెండు అర్థాల మధ్య ఉన్న సందులో ఆమె పడిపోయింది.

నేను పెరిగింది వాదనల మధ్య. మా నాన్న సభల్లో బాబాలను నిలదీసేవాడు, ఇంటికి వచ్చి నాతో ఒకటే అనేవాడు. తెలియనిది తెలియదని చెప్పగలిగినవాడే నిజాయితీపరుడు, బాబా ఎన్నడూ చెప్పలేడు, దాంతోనే వాణ్ణి పట్టుకోవచ్చు అని. ఆ వార్డులో నేను చూసిన పచ్చ గుర్తు అచ్చంగా బాబా మాట. తనకు ఏమీ తెలియకుండానే అభయహస్తం ఎత్తింది. దాన్ని కట్టింది మూఢులు కారు. ప్రపంచం నలుమూలలా ఉన్న తెలివైన, మంచి మనుషులు.

మూసేసిన ఫిర్యాదు

ఓపెన్ సోర్స్‌లో తప్పు కనిపిస్తే బహిరంగంగా రాయాలి. ఎవరైనా చదవవచ్చు, ఎన్నేళ్ల తర్వాతైనా చదవవచ్చు. ఆ బహిరంగతను నేను జీవితమంతా పొగిడాను. మొదటిసారి అది నా గొంతుకు అడ్డం పడింది.

పేర్లు లేకుండా రాశాం. ఒకే రోగికి రెండు రికార్డులు ఉన్నాయి, ఒకదానిలోని హెచ్చరిక ఇంకోదానిలో కనిపించలేదు, రోగి మరణించింది అని. తెర జట్టుకు పెద్దగా ఉన్నాయన జవాబిచ్చాడు. మర్యాదగానే రాశాడు. ఒకే మనిషికి రెండు రికార్డులు ఎందుకున్నాయి? అది ఆసుపత్రి నమోదులో జరిగిన పొరపాటు, సాఫ్ట్‌వేర్ లోపం కాదు. కాదంటే ఎందుకు కాదో వివరించండి. వివరించకపోతే మూసేస్తాను.

ప్రభాకర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మూసేయనీలేప్పా. మన మాడ్యూల్ సరిగ్గానే పనిచేసింది గదా. వాళ్లదీ సరిగ్గానే పనిచేసింది. ఇంగ యాడ తప్పు పట్టుకుంటావు?"

"మరి ఆమె ఎట్లా చచ్చిపోయింది?"

"ఆయుస్సు" అన్నాడు. వ్యంగ్యం లేదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. పై ఆఫీసుకు నమోదు పొరపాటని రాసి పంపాడు కూడా. బాస్‌లు చెడ్డవాళ్లైతే పోరాడటం సులువు. మంచివాడు, కర్మను నమ్మేవాడు, ఫైలు మూసేసి మీకు టీ తెప్పించేవాడు ఎదురైతే చేతులాడవు. అలాంటివాళ్లే మీకు ఎక్కువగా ఎదురవుతారు.

తెర జట్టు పెద్దాయనకు జవాబు చెప్పాలంటే ఆమెకు రెండు పేర్లు ఎందుకున్నాయో రాయాలి. మా జిల్లాల్లో ఈ సాఫ్ట్‌వేర్ వాడే ఆసుపత్రులు కొన్నే. చనిపోయిందెవరో ఊళ్లో ఎవరైనా పోల్చుకుంటారు. వహీదా, నేను యోబు ఇంటికి వెళ్లాం. కూతురు నులక మంచం వాల్చి కూర్చోమంది. విషయం నేను చెప్పాను. యోబు చివరి వరకూ విన్నాడు.

"నేను చెప్తే నా పెండ్లాము లేచొస్తాదా సార్?"

"రాదు."

"మా పాప సీటు పోతాదా?"

"పోవచ్చు."

"మరి ఏమడగను వచ్చినారు?"

 వహీదా చెప్పింది. "అడగను రాలేదన్నా. నువ్వు ఒప్పుకోకుండా ఆ సంగతి యాడా రాయబోమని చెప్పిపోను వచ్చినాం."

యోబు తల ఊపాడు. "కలపొద్దని ఆయమ్మే చెప్పింది. పాప కోసమే. కలపకపోతే ఆ ఎర్ర అచ్చరాలు గూడా ఆడనే నిలిచిపోతాయని ఎవరూ చెప్పల్యా."

గడపలో నిలబడ్డ కూతురు అంది, "పేరు దాయమంటే ప్రాణం మీదికొచ్చే సంగతి గూడా దాసినారా మీరు? అవి రెండూ ఒకటేనా?"

మా రంగంలో పెద్ద పేరున్నవాళ్ల ప్రసంగాలు చాలా విన్నాను. మాడ్యూల్ గోడ దేన్ని ఆపాలి, దేన్ని పోనివ్వాలి అన్న ప్రశ్నను తల్లి పోయిన పిల్ల అడిగినట్టుగా ఎవరూ అడగలేదు. ఆమెకు కంప్యూటర్ల గురించి ఏమీ తెలియదు. కోపం మాత్రం సరైన చోట ఉంది.  

మూడో జవాబు

మా ఫిర్యాదు మూసేశారు. మేము వేరే దారిలో వెళ్లాం. రూతమ్మ ఊసు లేకుండా ఒకటే అడిగాం. లేకపోవడం, తెలియకపోవడం ఒకటి కాకూడదు. మా మాడ్యూల్‌కు మూడో జవాబు కావాలి. 'ఉంది', 'లేదని అడిగి తెలుసుకున్నాం', 'తెలియదు'. తెలియనప్పుడు తెర పచ్చ గుర్తు పెట్టకూడదు, పసుపు పెట్టాలి, పరీక్షించి వేయండని చెప్పాలి.

వహీదా ఇంకొకటి కూడా రాసింది. రోగి ఒప్పుకుంటే రెండు పేర్ల బంధం మా మాడ్యూల్ లోపలే ఉండిపోతుంది. బయటికి పేరు పోదు, రికార్డు పోదు. ఈ మందు వద్దు అన్న ఒక్క మాట పోతుంది. కిటికీ దగ్గరి గుమాస్తాకు ఏమీ కనిపించదు. మాడ్యులర్ డిజైన్‌లో నేను చూసిన మంచి పని అది. ఇలాంటి చావులు చూసినవాళ్లు కొందరు విడగొట్టడమే తప్పు, అంతా ఒకే ముద్దగా కట్టాలంటారు. వాళ్ల మాట వినకండి. ముద్దలో అందరి పేర్లూ అందరికీ కనపడతాయి. గోడ ఉండాల్సిందే. ఏ గోడ ఎవరి కోసం కట్టామో, దానికి కిటికీ ఎక్కడ పెట్టాలో కట్టేవాడు ఆలోచించాలి.

మూడో జవాబు మీద వాదన చాలాకాలం సాగింది. ఇప్పటికే ఎన్నో మాడ్యూళ్లు ఖాళీ అంటే లేదనే అర్థంతో రాశారు, మారిస్తే అవన్నీ విరుగుతాయన్నారు. ఇన్నాళ్లూ బాగానే నడిచింది కదా అన్నారు. ఈ మాట నేను గుడుల ముందు, మఠాల ముందు విన్నాను, ఆధునిక సాంకేతిక చర్చలో కూడా అదే స్వరంలో విన్నాను. చివరికి ఒప్పుకున్నారు. కోరుకున్న ఆసుపత్రి వాడుకోవచ్చు, మామూలుగా మాత్రం ఆపి ఉంటుంది అని. తెలియదని చెప్పే సామర్థ్యం వచ్చింది, మీట నొక్కితేనే పనిచేస్తుంది.

ఆమె చనిపోయిన ఆసుపత్రిలో నేనే వెళ్లి ఆ మీట నొక్కించాను. తెర నిండా పసుపు వచ్చింది, ఎందుకంటే నిజానికి ఎవరి గురించీ ఎవరూ ఏమీ అడిగి రాసుకోలేదు. అక్కడి పెద్ద డాక్టరు నన్ను పిలిచి, "ఏమప్పా, దేన్నడిగినా తెలీదు తెలీదు అంటాంది. ఆ మాట చెప్పేదానికి కంప్యూటర్ కావల్నా? మా నర్సమ్మలు చాలరా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అడిగి రాసుకోండి, పసుపు తగ్గుతుంది అన్నాను. క్యూ పెరుగుతుందన్నాడు. నేను కర్నూలు చేరేలోపే దాన్ని ఆపేశారని తర్వాత తెలిసింది. వహీదా రాసిన రెండో భాగానికి ఒప్పుకున్న రోగులు అరుదు. ఒప్పుకోమని వాళ్లకు నమ్మకంగా వివరించే మనిషి ఏ కిటికీ దగ్గరా లేడు. అది కోడ్‌తో అయ్యే పని కాదు.

అందుకని మీకు నేను ధైర్యం చెప్పలేను. ఒకటి మాత్రం చెప్పగలను. మీ భాగం పరీక్షలన్నీ నెగ్గిన రోజున కుర్చీలోంచి లేవకండి. మీ జవాబును పక్కవాడు ఏ అర్థంలో తీసుకుంటున్నాడో వెళ్లి చూడండి. ఆ పని ఎవరి జీతంలోనూ ఉండదు. మెచ్చుకునేవాళ్లుండరు, పక్కవాడికి కోపం కూడా వస్తుంది.

ఉద్యోగం వదిలాక ఒకసారి కర్నూలు బస్టాండులో యోబు కనిపించాడు. కూతురు చదువు ముగిసింది, ఉద్యోగానికి రాస్తోందని చెప్పాడు. మాటల మధ్యలో జేబులోంచి ఫోను తీసి, "ఇది సూడు సార్" అన్నాడు. మిషన్ ఆసుపత్రి నుంచి సందేశం. రూతమ్మ గారూ, మీ షుగరు పరీక్షకు వేళైంది, తప్పక రండి. కిందికి జరిపి చూపించాడు. అలాంటివే వరసగా ఉన్నాయి.

"చనిపోయిందని చెప్తే ఆపేస్తారు గదా" అన్నాను.

"చెప్పినా సార్. మరణ సర్టిఫికెట్టు తెమ్మన్న్యారు."

ఆ సర్టిఫికెట్టు మీద ఉన్నది నాగలక్ష్మి. చర్చి వెనక సమాధి రాయి మీద రూతమ్మ అని ఉంది, కానీ రాయిని ఏ ఆఫీసూ ఒప్పుకోదు.

"పాప ఉద్యోగంలో కుదురుకోనీ" అంటూ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అంతవరకూ రానీలే."

ఇవాళ కూడా ఆ ఆసుపత్రి కంప్యూటర్లో రూతమ్మ పేరు కొడితే ఎర్ర అక్షరాలు వస్తాయి. ఈమెకు పెన్సిలిన్ ఇవ్వకూడదు. ఆ మాడ్యూల్ సరిగ్గానే పనిచేస్తోంది.